నాలుగు దెబ్బల ఖాళీ

మొయినాబాద్ దగ్గర ఒక ఫాంహౌస్
జూన్

సేటూ,

ముందు నవ్వుకో, తర్వాత చదువు. ఈ కాలంలో ఉత్తరమేమిటని అడుగుతావని తెలుసు. ఇది మా డైరెక్టర్ పద్ధతి. షూటింగ్ మొదలయ్యేదాకా నటులందరినీ ఈ ఫాంహౌస్‌లో ఉంచి వర్క్‌షాప్ నడిపిస్తున్నాడు. వచ్చిన రోజే ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. మరీ మాట్లాడాలనిపిస్తే కాగితం మీద రాసుకోవచ్చట. మా అవ్వకు చదువు రాదు. ఇంకెవరికి రాయను, నీకు తప్ప?

నీ మీద కోపం ఇంకా పోలేదు. అది మొదటే చెప్పేస్తే నయం. సినిమావాళ్లు పిలిచింది నన్నొక్కడినే కాదు. కాజీపేట బ్రిడ్జి మీద మనం తీసిన ర్యాప్ వీడియో చూసి 'సవాల్ జవాబ్' జోడీని పిలిచారు. ఇద్దరం ఒకే బస్సులో ఆడిషన్‌కు హైదరాబాద్ వచ్చాం. నేను కెమెరా ముందు ఏదో చేసి బయటపడ్డాను. నువ్వు లోపలికి పోయి ఐదు నిమిషాలన్నా కాలేదు, లైట్ స్టాండును తన్ని కింద పడేసి బయటికొచ్చావు. "నాకు గివన్ని పడయ్‌రా, దుకాణానికి పోతాన" అని అదే పూట వరంగల్ బస్సెక్కావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చేశావు. గల్లాపెట్టె ముందు పుట్టినవాడికి కూర్చున్న చోటు వదలడం కష్టమేనని సర్దిచెప్పుకున్నాను, కానీ మనసు ఊరుకోవడం లేదు.

ఇక్కడ పొద్దున్నే లేపి చెట్టులా నిలబడమంటారు, గోడతో మాట్లాడమంటారు. నటన నేర్పే సుభాషిణి మేడం నిన్న మన పద్ధతి ఏమిటని అడిగింది. చెప్పాను. నేను రెండు లైన్ల సవాల్ విసిరి, మీ దుకాణంలోని స్టీలు గిలాస మీద నాలుగు దెబ్బలు కొట్టి ఆగుతాను. ఆ ఖాళీలో నువ్వు అందుకుని జవాబ్ ఇస్తావు. స్టేజీ ఎక్కేదాకా ఒకరి లైన్లు ఒకరికి చెప్పుకోము. ముందే తెలిస్తే జవాబ్ చచ్చిపోతుంది. ఆమె అంతా విని, "అందుకేనన్నమాట. నువ్వు ఎదుటి మనిషి మాట వినడం లేదు మోక్ష్. నీ వంతు ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకుంటున్నావు" అంది.

మోక్ష్ ఎవరంటావా? నేనే. మొగిలి అంటే పోస్టర్ మీద బాగుండదట.

షోలు అయిపోయాక స్టేషన్ దాకా నా భుజం మీద చెయ్యి వేసి నడిచేవాడివి. ఇక్కడ సాయంత్రం ఒక్కడినే నడుస్తుంటే భుజం తేలికగా అనిపిస్తోంది. కోపం ఉన్నా ఆ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

మొగిలి


వరంగల్, గల్లాపెట్టె ముందు నుంచి
జులై

హీరో మోక్ష్ గారికి సేటు నమస్కారాలు.

అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమని అడగకు. ధరల చీటీలు రాసే స్కెచ్ పెన్ను తప్ప ఇంకేదీ చేతికి దొరకలేదు. నీలాంటి పెద్దవాళ్లకు పెద్ద అక్షరాలే మర్యాద అనుకో.

నీ కోపం అందింది. దాచుకుంటాను. ఆ లైట్ స్టాండు సంగతి మాత్రం వదిలెయ్. బాపు నడుము నొప్పితో గంటసేపు కూర్చోలేకపోతున్నాడు. పెళ్లిళ్ల గిరాకీ వచ్చిందంటే బిందెలు, గంగాళాలు దించి ఎక్కించడానికి మనిషి కావాలి. నాకు సినిమా రాసిపెట్టి లేదని నువ్వూ అనుకో, నేనూ అనుకుంటాను. ఇద్దరం ఒకటే అనుకుంటే గొడవ ఉండదు.

ఆదివారం మా చెల్లె దీప్తిని తీసుకుని పొద్దుటి ప్యాసింజర్‌లో మీ ఊరు నెక్కొండ పోయాను. మీ అవ్వ పత్తి చేనులో కలుపు తీస్తోంది. కొడుకు సినిమాలో చేస్తున్నాడని చెబితే కొడవలి కింద పెట్టలేదు. "ఎవల్ని కొడ్తడట సినిమాల?" అంది. హీరో దోస్తు వేషమని, దెబ్బలు కొట్టడు, తింటాడని చెప్పాను. "గట్లయితే ఇంటికి రమ్మను బిడ్డా, దెబ్బలు ఈడ తక్కువున్నయా?" అంది. ఆ చేను గట్టు మీద దీప్తి, నేను ఎంతసేపు నవ్వామో చెప్పలేను. తర్వాత మీ అవ్వ మెల్లగా దగ్గరికొచ్చి, "తెర మీద ఆని మాట మంచిగ ఇనవడ్తదా?" అని అడిగింది. వరంగల్ అంతా వినబడుతుందని చెప్పాను.

దుకాణంలో కొత్త ట్యూబులైట్లు వేయించాను. సామాన్ల మీద పేర్లు చెక్కే పని ఇప్పుడు దీప్తికి అప్పజెప్పాను. దాని చెయ్యి నాకంటే నిదానం. నీ పేరు చెక్కి ఇచ్చిన గిలాస నీ దగ్గరే ఉందా? ఉంటే ఒక పని చెయ్యి. సినిమాలో ఎక్కడో ఒక చోట, ఏ సీన్ అయినా సరే, దాని మీద మన నాలుగు దెబ్బలు కొట్టి ఆగు. నేను థియేటర్‌లో కూర్చుని జవాబ్ ఇస్తాను. ఎవడు తిరిగి చూసినా ఫికర్ లేదు. సినిమాలోకి నేను రాలేదు కాబట్టి, ఆ ఖాళీ వరకన్నా నాది చెయ్యి.

నీ
సేటు


మారేడుమిల్లి
అక్టోబర్

రమాకాంత్,

ఫోన్లు తిరిగి ఇచ్చేశారు. అయినా ఉత్తరమే రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు ఫోనెత్తడం లేదు. మొన్న వీడియో కాల్ చేస్తే కట్ చేసి, గిరాకీ ఉందని దీప్తితో మెసేజ్ పెట్టించావు. సద్దుల బతుకమ్మ రోజు రాత్రి స్టీలు బిందెలు కొనే మహానుభావుడెవడో నాకు చూపించు.

సరే, నీ మాట నిలబెట్టాను. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇక్కడ అడవిలో ఒక చాయ్ దుకాణం సెట్ వేశారు. హీరో పారిపోతుంటాడు, నేను చాయ్ తాగుతుంటాను, పోలీసులొచ్చి వాడెటు పోయాడని అడుగుతారు. స్క్రిప్టులో నేను తల అడ్డంగా ఊపాలి, అంతే. నేను డైరెక్టర్ దగ్గరికి పోయి నా సంచిలోంచి గిలాస తీసి చూపించాను. చాయ్ ఇందులో తాగుతానని, వాళ్లు అడిగినప్పుడు నాలుగు దెబ్బలు కొట్టి ఊరుకుంటానని, ఆ తర్వాతే తల ఊపుతానని చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని సరేనన్నాడు. ఒక్క టేక్‌లో అయిపోయింది. కట్ చెప్పాక కెమెరా వెనకున్న ఆయన కూడా తన మోకాలి మీద అదే కొట్టుకుంటున్నాడు. ఆ నాలుగు దెబ్బల తర్వాత ఖాళీ ఉంది చూడు, అది నీది. యూనిట్‌లో ఎవరికీ తెలియదు. వాళ్లకది నటన.

సుభాషిణి మేడం ఫోన్ చేసి మెచ్చుకుంది. "ఇప్పుడు వినడం మొదలుపెట్టావు" అంది. నిజం చెప్పనా, సేటూ? నాకిది నచ్చుతోంది. మొదట్లో సిగ్గేసేది. మనం పాలకుల మీద, ఫీజుల మీద, పత్తి ధర మీద పాటలు కట్టినవాళ్లం, ఇక్కడ ముఖానికి పౌడర్ రాయించుకుంటున్నానని. ఇప్పుడు పొద్దున లేవగానే మేకప్ కుర్చీ గుర్తొస్తోంది. ఈ మాట నీతో కాక ఇంకెవరితో అన్నా గొప్పలనుకుంటారు.

క్యారవాన్ తలుపు మీద మోక్ష్ అని కాగితం అంటించారు. గిలాస అడుగున మాత్రం నువ్వు చెక్కిన మొగిలి అలాగే ఉంది. చాయ్ తాగిన ప్రతిసారీ తిప్పి చూసుకుంటున్నాను.

ఈసారన్నా ఫోనెత్తు.

మొగిలి


వరంగల్
నవంబర్

మొగిలీ,

ఇది దీప్తి చేతిరాత. నేను చెబుతుంటే రాస్తోంది. గంగాళాల కట్ట జారి మణికట్టు మీద పడింది. ఫికర్ పడేంత ఏమీ లేదు, పట్టీ కట్టారు. మధ్యలో ఇది తన సొంత కవిత్వం ఏమన్నా కలిపితే నాకు సంబంధం లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. ఖాళీ దొరికిందని తెలిశాక రాత్రి నిద్ర పట్టలేదు. జవాబ్ కట్టేశాను. రెండు లైన్లు. ఏమిటని అడగకు. పద్ధతి పద్ధతే, థియేటర్‌లోనే వింటావు. నువ్వు పక్కన లేకపోయినా పర్లేదు, తెర మీద ఉంటావు కదా.

మన మొదటి సవాల్ గుర్తుందా? ప్యాసింజర్ తలుపు దగ్గర నిలబడి నువ్వు విసిరింది:

"నెక్కొండల బండి ఆగేది నిమిషమే
నిమిషంల ఎక్కినోడే నిలబడ్డ మనిషే"

నేను కిటికీ చువ్వ మీద దరువేస్తూ ఇచ్చింది:

"ఎక్కినోని ముచ్చటెందుకు, దిగినోని పేరేంది?
ఒక్కడే మిగిలినంక రైలుతోని పనేంది?"

బోగీ అంతా నవ్వింది. అప్పుడు అది ప్రాస కోసం అన్న మాట. ఈ మధ్య గల్లా ముందు ఒక్కడినే కూర్చున్నప్పుడు ఊరికే నోటికొస్తోంది.

బజారులో అందరూ ఒకటే అడుగుతున్నారు. "నీ జోడి యాడ వోయిండు సేటూ?" అని. హీరో అయ్యాడని చెబుతున్నాను. హనుమకొండలో ఒక కాలేజీ వాళ్లు వచ్చి నన్నొక్కడినే పాడమన్నారు. సవాల్ లేకుండా జవాబ్ ఎక్కడినుంచి తేను? రానన్నాను. నీ మీద అసూయ లేదని రాయమని దీప్తికి చెప్పాను. అది రాయడం ఆపేసింది. సరే, కొంచెం ఉంది. కొంచెమే. అయినా ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట ఇద్దరం గెలిచాం, రచ్చ నువ్వొక్కడివే గెలువు.

రమాకాంత్

మొగిలన్నా, ఇది అన్న చెప్పింది కాదు, నేను రాస్తున్నాను. అన్న కింద బాపుతో మాట్లాడుతున్నాడు. ఒక్కసారి వచ్చిపో. కారణం అడగకు, ఫోన్ చేయకు, ఊరికే వచ్చినట్టు రా. సినిమా రిలీజ్ దాకా ఆగకు. దీప్తి.


హైదరాబాద్
జనవరి

రమాకాంత్‌కు,

ఆలస్యమైంది, ఏమనుకోకు. పని ఎక్కువగా ఉంది. షూటింగ్ అయిపోయింది, డబ్బింగ్ నడుస్తోంది. అడవిలో జనరేటర్ల మోతలో రికార్డయిన మాటలు పనికిరావట. అన్నీ ఇక్కడ గదిలో నిలబడి మళ్లీ చెప్పాలి.

దీప్తికి చెప్పు, ఇప్పట్లో రావడం కుదరదు. అటూ ఇటూ పరుగులతో సరిపోతోంది. రిలీజ్ అయ్యాక తప్పకుండా వస్తాను.

ఇంకో మాట. సినిమా మార్చిలో వస్తుంది. మొదటి రోజే ఎగబడి చూడకండి. థియేటర్‌లో నా వేషం చిన్నది, అరిచే జనంలో ఏమీ వినబడదు. నేను వచ్చాక ఇంట్లో అందరం కలిసి చూద్దాం. అవ్వను కూడా తీసుకుపోవద్దు, ఆ మోతకు ఆమెకు తలనొప్పి వస్తుంది.

గొంతు బాగాలేదు. అందుకే ఫోన్ చేయడం లేదు.

మొగిలి


వరంగల్
మార్చి

మొగిలీ,

దీప్తి రాస్తోంది. ఈసారి అబద్ధాలేమీ కలపవద్దని చెప్పాను.

నీ సినిమా చూశాను. చూశాను అనే మాట ఇక్కడ సరిపోదు, అందుకే ముందు నా సంగతి చెబుతాను. నాకు కళ్లు కనబడటం లేదు. చిన్నప్పటినుంచి రేచీకటి ఉంది, అది ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. డిగ్రీకొచ్చేసరికి పక్కన ఉన్నవి కనబడటం తగ్గింది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నంతే కనబడేది. దసరా తర్వాత అదీ పోయింది. హైదరాబాద్ కంటి దవాఖానలో మందు లేదన్నారు. మేనరికాల వల్ల కొన్ని ఇళ్లలో వస్తుందట. మణికట్టు మీద ఏ గంగాళమూ పడలేదు.

లైట్ స్టాండును నేను తన్నలేదురా. ఫ్లోర్ అంతా చీకటి, ఎదురుగా దీపాలు. నేల మీద అంటించిన గీత దాకా నడిచి ఆగమన్నారు. నాకు గీతా కనబడలేదు, స్టాండూ కనబడలేదు. అది చెబితే నువ్వు కూడా నాతో పాటు బస్సెక్కేవాడివి. అందుకే దుకాణమన్నాను. షోల తర్వాత నీ భుజం మీద చెయ్యి వేసింది కూడా దారి కోసమే. దోస్తానా కోసం కాదా అంటావేమో. అది కూడా.

ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదంటే, థియేటర్‌లో జవాబ్ ఇచ్చాక చెబుదామనుకున్నాను. ముందే చెబితే జవాబ్ చచ్చిపోతుందనే మన పాత పిచ్చి. నువ్వు థియేటర్‌కు పోవద్దని రాశావు. సిగ్గుపడుతున్నావనుకున్నాను. కళ్లు లేకపోతేనేం, వాడి గొంతు ఉంది కదా, నాకు ఆ మాత్రం చాలు అనుకున్నాను.

శుక్రవారం పొద్దుటి ఆటకు పోయాం. నేను, దీప్తి, మీ అవ్వ. అవ్వ నెక్కొండ నుంచి కొత్త చీర కట్టుకుని వచ్చింది. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. దీప్తికి ముందే గట్టిగా చెప్పాను, తెర మీద ఏం జరుగుతోందో నాకేమీ చెప్పవద్దని. మొగిలి నోరు విప్పితే నాకే తెలుస్తుందన్నాను.

సినిమా మొదలైంది. చాలాసేపు ఎవరెవరో మాట్లాడారు. ఉన్నట్టుండి అవ్వ నా చెయ్యి గుంజి, "అగో, మావోడు వచ్చిండు" అంది. నేను చెవులు రిక్కించాను. ఎవరో మెత్తటి గొంతు, నున్నగా, ఏ మాట దగ్గరా ఆగకుండా జారిపోతోంది. అవ్వ ఎవరినో చూసి నువ్వనుకుందేమో అనుకున్నాను. కాసేపాగి దీప్తిని అడిగాను, "మొగిలి ఎప్పుడొస్తడే?" అని. మళ్లీ అడిగాను. అది నా చెయ్యి పట్టుకుని, "వచ్చిండన్నా. ఇప్పుడు మాట్లాడేది మొగిలన్ననే" అంది. ముందు వరసలో ఎవరో సైలెంట్‌గా ఉండమని కసిరారు.

నేను ఒప్పుకోలేదు. గిలాస దగ్గర తెలుస్తుందనుకున్నాను. చాయ్ దుకాణం వచ్చినప్పుడు చెప్పమన్నాను. ఇంటర్వెల్ అయ్యాక దీప్తి చెవి దగ్గరికొచ్చి, "గిలాస పట్టిండన్నా" అంది. నేను ముందుకు వంగాను. నోట్లో రెండు లైన్లు సిద్ధంగా ఉన్నాయి. వయొలిన్లు మోగాయి, ఏవో డప్పులు మోగాయి, జనం ఈలలు వేశారు. నేను ఇంకా వంగే ఉన్నాను. "ఎప్పుడు కొడ్తడే?" అన్నాను. "కొట్టిండన్నా. అయిపోయింది" అంది.

ఆట అయిపోయి అందరూ లేచారు. నేను లేవలేదు. ఊడ్చేవాళ్లు వచ్చేదాకా కూర్చున్నాం. బయటికొచ్చాక మీ అవ్వ మెట్ల మీద ఆగి, "మంచిగనే జేసిండు పిలగాడు. గని ఆని నోట్లె నుంచి ఇంకెవలో మాట్లాడినట్టున్నది బిడ్డా" అంది. పెద్ద సినిమాల్లో అంతే అవ్వా అన్నాను.

అందరికీ నువ్వు కనబడ్డావు. నా ఒక్కడి దగ్గరికే నువ్వు రాలేదు. నీ మీద కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, ఏదో ఒకటి తిట్టి తేలికపడేవాడిని. జవాబ్ ఏమిటో మాత్రం రాయించను. సవాల్ వినబడని జవాబ్ కాగితం మీద ఎందుకు?

రమాకాంత్


హైదరాబాద్
మార్చి

రమాకాంత్,

నీ ఉత్తరం చదివాను. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

డబ్బింగ్ నా చేతకాలేదు. అదీ అసలు సంగతి. స్టేజీ మీద ఎన్నడూ తాళం తప్పనివాడిని, ఆ అద్దాల గదిలో తెర మీద నా పెదవులకు నేనే అందలేకపోయాను. ఒకసారి ముందుకు ఉరికేవాడిని, ఒకసారి వెనకబడేవాడిని. ఎక్కడ ఆగాలో తెలియలేదు. ఆగడం నాకు నీ పక్కనే వచ్చురా. మూడు రోజులు చూసి డైరెక్టర్, "టైం లేదు మోక్ష్, అలవాటున్న మనిషితో చెప్పిద్దాం" అన్నాడు. కసురుకోలేదు, మంచిగానే అడిగాడు. వద్దనవచ్చు. నేను తల ఊపాను. చాయ్ దుకాణం సీన్‌లో అడ్డంగా ఊపమంటే ముందు నాలుగు దెబ్బలు కొట్టాలని పట్టుబట్టినవాడిని, ఇక్కడ మాట లేకుండా నిలువుగా ఊపేశాను.

గొంతిచ్చిన ఆయన పెద్దాయన. గదిలోంచి బయటికొచ్చి, "ఇంకో వారం కూర్చుంటే నీకే వస్తుంది తమ్ముడూ, ఎందుకు వదులుకుంటున్నావు?" అన్నాడు. నాకు సిగ్గేసింది. ర్యాప్ పాడేవాడు మాట చెప్పలేకపోయాడని యూనిట్ అంతా అనుకుంటుందని, ఆయనకే వదిలేసి బయటికొచ్చాను. గిలాస దెబ్బల మీద సంగీతం వేస్తారని మాత్రం నాకు తెలియదు. సినిమా పూర్తయ్యాక మాకు చూపించినప్పుడు తెలిసింది. అప్పటికి అంతా అయిపోయింది.

దీప్తి రమ్మని రాసిన నాలుగు ముక్కలు నేను చదవకపోలేదు. చాలాసార్లు చదివాను. ఒకసారి కాజీపేటకు టికెట్ కూడా తీసుకున్నాను. నువ్వు నా గొంతులో అబద్ధం ఇట్టే పట్టేస్తావు. ఎదురుపడితే డబ్బింగ్ సంగతి బయటపడుతుందని భయపడి స్టేషన్ నుంచి తిరిగొచ్చాను. నీకేదో అయిందని నాకు అనుమానం రాలేదంటే అబద్ధం. వచ్చింది. నా సిగ్గు దాని మీద కూర్చుంది. ఆ రోజు బండెక్కి ఉంటే నీ కళ్ల సంగతి తెలిసేది, నా గొంతు సంగతి నీకు తెలిసేది. నువ్వు పట్టుకొచ్చి నన్ను మళ్లీ ఆ గదిలో నిలబెట్టేవాడివి, పక్కన నిలబడి ఎక్కడ ఆగాలో భుజం తట్టి చెప్పేవాడివి. నాకు నువ్వుండేవాడివి, నీకు థియేటర్‌లో నేనుండేవాడిని. ఇప్పుడు ఆ ఆట ఏ ఊళ్లో ఎన్నిసార్లు వేసినా అందులో నేను రాను.

స్టేజీ మీద చేసిన పద్ధతి బతుకులో కూడా చేశాం. చెప్పుకోవాల్సినవి దాచుకుని, సమయం వచ్చినప్పుడు వినిపిద్దామనుకున్నాం. నువ్వు దాచింది నా కోసం. నేను దాచింది నా కోసమే. ఆ తేడా నాకు తెలుసు, రెండింటినీ ఒకటి చేసి మాట్లాడను.

రెండో సినిమాకు పిలిచారు. మోక్ష్‌కు ఆ గొంతు బాగా కుదిరిందట, అదే ఉంచుతామన్నారు. ఇంకా ఏమీ చెప్పలేదు. అవ్వకు ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు. ఆమె అడిగింది ఒక్కటే, నా మాట వినబడుతుందా అని.

రాస్తుంటే ఇంకోటి తట్టింది. ఈ ఉత్తరం కూడా నా గొంతులో నీకు చేరదు. దీప్తి చదువుతోంది, నువ్వు వింటున్నావు. మళ్లీ నా మాటలకు వేరే గొంతే. దీప్తీ, తప్పు నీది కాదమ్మా. కానీ ఇక్కడితో చదవడం ఆపెయ్యి. కాగితం మడిచి గల్లాపెట్టెలో పెట్టు. కింద ఉన్న నాలుగు ముక్కలు నీ కోసం మాత్రమే, అన్నకు వినిపించకు.

చెల్లీ, నేను వచ్చే సోమవారం పొద్దున బండికి బయలుదేరుతున్నాను. దుకాణం గడప దగ్గర నా పేరు చెప్పను, నువ్వూ చెప్పకు. గిలాస మీద నాలుగు దెబ్బలు కొట్టి ఆగుతాను. వాడికి జవాబ్ ఇవ్వాలని లేకపోతే వాడిని బతిమాలకు. ఈసారి నేను లెక్కపెట్టను. ఎంతసేపయినా వింటూ నిలబడతాను.

మొగిలి